డాక్టరు గారి తలపిన్నులు

మొన్న దసరా నాడు గుడివాడలో మా వీధి చివర ఆటోల వరస పక్కగా నడుస్తుంటే కొత్త రంగు వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనలోనే పసుపు, అగరొత్తుల పొగ, చక్రం కింద చితికిన నిమ్మకాయ పులుపు. ఇన్నేళ్ళయినా ఆ నాలుగు వాసనలూ కలిసి వస్తే ఉన్నచోటే ఆగిపోతాను. పక్కనున్న ఆటో అబ్బాయి "ఏంటి మామ్మగారూ, కళ్ళు తిరుగుతున్నాయా?" అంటూ దగ్గరికొచ్చాడు. "ఏం లేదు నాయనా" అంటూనే ఒంగి, మోకాలు పట్టేసినా లెక్కచెయ్యకుండా అతని ఆటో ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి తడిమాను. ముసలావిడ తన బండికి సాష్టాంగపడుతోందనుకుని పాపం ఆ అబ్బాయి చేతులు జోడించి, నాకు కొబ్బరి ముక్క ప్రసాదం పెట్టాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే డాక్టర్ భ్రమరాంబ గారు గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. ఆవిడను చూడని వాళ్ళకు ఆవిడ సంగతి చెప్పాలని చాలా కాలంగా ఉంది.

నేను మిడ్‌వైఫ్ శిక్షణ ముగించుకుని, అరవైల మొదట్లో, దివిసీమలో ఒక చిన్న ఆస్పత్రిలో చేరాను. బస్సు దిగి, రేకు పెట్టె మోసుకుంటూ ఆస్పత్రి ఆవరణలో అడుగుపెట్టానో లేదో, ఎదురుగా ఒక జీపు, దాని కింద నుంచి బయటికి చాచుకుని రెండు ఆడ కాళ్ళు కనిపించాయి. బురదంటిన పాదాలు, పైకి తొలగిన చీర అంచు. నా చేతిలో పెట్టె జారి కిందపడింది. "అయ్యయ్యో! ఎవర్నో తొక్కేశారు!" అని గొంతు చించుకుని అరిచాను. జీపు కింద నుంచి తాపీగా ఒక గొంతు వచ్చింది. "ఎవరమ్మా ఆ కేకలు? కాన్పు నొప్పులవాళ్ళు కూడా ఇంత గట్టిగా అరవరు. అరిచింది చాల్లే గానీ, ఆ చిన్న పానా ఇటందుకో." పానా అంటే ఏదో తెలియక అక్కడున్న ఇనప సామానంతా ఒక్కొక్కటీ అందించాను. కాసేపటికి ఆవిడ బయటికొచ్చారు. చెంప మీద గ్రీజు, నడుముకు చుట్టి దోపిన కొంగు, మెడ మీద బరువైన జుట్టు ముడి, ఆ ముడి నిండా లావుపాటి నల్లటి ఇనప పిన్నులు. నన్ను పైనుంచి కిందికి చూసి, "కొత్త మిడ్‌వైఫ్‌వా? ఏదీ, చేతులు చాపు. ఆ గోళ్ళు తీసేసుకుని రా" అన్నారు. మా డాక్టరు గారితో నా పరిచయం అది.

ఆ జీపు లేనిదే మా ఆస్పత్రి లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక వేలం వేసిన మిలిటరీ జీపుల్లో అదొకటి. వానాకాలం వచ్చిందంటే లోపలి పల్లెలకు కాలవ గట్టు తప్ప దారి లేదు. ఒక పక్క నిండుగా పారే కాలవ, ఇంకో పక్క మురుగు బోదె, మధ్యలో జీపు చక్రాలు పట్టేంత నేల. అలాంటి చోట మా జీపుకు ఒక పాడు జబ్బు ఉండేది. కాస్త వేగం అందుకుని గుంతలో పడిందంటే ముందు చక్రాలు రెండూ గడగడా వణికేవి. ఆ వణుకు స్టీరింగులోకి ఎక్కి, మా డ్రైవరు సాంబయ్య బాబాయి భుజాల దాకా ఊగిపోయేవాడు. నాగాయలంక దాటాక ఉండే ఒక పల్లె ఆయనది. భక్తిపరుడు. జీపును "తల్లీ" అని పిలిచేవాడు. భార్య పోయాక ఉన్న ఒక్క కూతురు నాంచారినీ, ఈ జీపునీ సమానంగా చూసుకునేవాడు. "తల్లికి చలేస్తోందండీ, అంతే" అనేవాడు చక్రాలు వణికినప్పుడల్లా. డాక్టరు గారు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని పళ్ళు బిగించుకునేవారు. ఒకనాడు గట్టు అంచు దాకా వెళ్ళి ఆగాం. ఆవిడ కిందికి దిగి కాలవలోకి చూసి, "రేపు బందరు పోదాం" అన్నారు.

బందరులో కరీం మేస్త్రి షెడ్డు ఉండేది. మనిషి మంచి షోకిలా, మాటకారి. "పాత రాడ్డుకే కొత్త బుష్షులు వేసిస్తానమ్మా, పరుగెత్తుద్ది" అన్నాడు. డాక్టరు గారు ఒప్పుకోలేదు. "వేసినప్పుడల్లా అదే మాట చెప్తావు. ఉప్పు నేలలో, బురదలో తిరిగే బండయ్యా ఇది. మూణ్ణాళ్ళకే మళ్ళీ మొదటికొస్తోంది" అని, షెడ్డు మూల పడున్న పాత ఇనుములో ఒక పెద్ద మిలిటరీ బండి ముందు ఇరుసును చూపించారు. "ఆ రెండు చక్రాలనీ కలిపే రాడ్డు చూడు, ఎంత లావుందో. అది దీనికి తగిలించు."

కరీం మేస్త్రి పకపకా నవ్వాడు. "ఏనుగు కాలు తెచ్చి మేకకి పెట్టమంటున్నారమ్మా మీరు."

"మేక కాలవలో పడకుండా ఉంటే చాలు. పెడతావా, పెట్టవా?"

పెట్టాడు. లావు రాడ్డును కొలతకు కోయించి, లేతు మీద కొసలు తిప్పించి, రెండు వైపులా కొత్త జాయింట్లు వేసి, స్టీరింగు నుంచి వచ్చే కడ్డీనీ, చక్రాలు తిరిగే చోట బేరింగులనూ మార్చాడు. పని అయ్యాక డాక్టరు గారు కొంగు దోపుకుని చటుక్కున జీపు కిందికి దూరిపోయారు. షెడ్డులో టీ తాగుతున్న లారీ డ్రైవర్లు గ్లాసులు నోటి దాకా తెచ్చి అలాగే ఉండిపోయారు. నాకైతే సిగ్గుతో ప్రాణం పోయింది. కరీం మేస్త్రి ఒక్క మాట అనకుండా లారీ టార్పాలిను తెప్పించి జీపు చుట్టూ తెర కట్టించి, తనూ అవతలి వైపు నుంచి కిందికి దూరాడు. అతను చెప్పిన మాట టార్పాలిను బయటి నుంచి విన్నాను. "ఎంత లావు రాడ్డు వేసినా, దాన్ని పట్టుకునేది ఈ నట్టేనమ్మా. నట్టుని ఊడకుండా పట్టుకునేది ఇదిగో, అడ్డంగా దూర్చి కాళ్ళు విడదీసి వంచానే, ఈ పిన్ను. ఇది లేకపోతే మిగతాదంతా అలంకారమే." తిరుగు ప్రయాణంలో గట్టు ఎక్కాక డాక్టరు గారే స్టీరింగు తీసుకున్నారు. వణుకు మాయం. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. ఉన్నట్టుండి రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తీసేసి గాల్లోకి ఎత్తారు! నేను కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. కళ్ళు తెరిచేసరికి జీపు గీత గీసినట్టు తిన్నగా పోతోంది. వెనక సాంబయ్య బాబాయి చెంపలు వేసుకుంటున్నాడు.

ఆ మర్నాటి నుంచి ఒక కొత్త పద్ధతి మొదలైంది. జీపు కదిలే ముందు డాక్టరు గారు ఒంగి, ముందు ఇరుసు కింద చెయ్యి పెట్టి ఒక్కొక్క నట్టూ, ఒక్కొక్క పిన్నూ తడిమి చూసేవారు. ఆ తరువాత నేను చూడాలి. "మీరు చూశారు కదండీ" అంటే, "చూసింది నా చెయ్యి. నీ చెయ్యి ఇంకా చూడలేదుగా" అనేవారు. కాన్పు గదిలోనూ అంతే. బొడ్డు ముడి నేను వేస్తే ఆవిడ లాగి చూసేవారు, ఆవిడ వేస్తే నన్ను లాగి చూడమనేవారు. అంత చదువుకున్న మనిషి వేసిన ముడిని నేను అనుమానించడం ఏమిటని మొదట్లో నా చెయ్యి వెనక్కి పోయేది. "అనుమానం కాదమ్మాయ్, మర్యాద. అవతల ప్రాణం ఉంది, దానికిచ్చే మర్యాద" అనేవారు.

ఆ ఏడు దసరాకు డాక్టరు గారు బందరులో తల్లి దగ్గరికి వెళ్ళారు. నేను గుడివాడ వచ్చాను. ఆస్పత్రిలో ఉండిపోయింది సాంబయ్య బాబాయి ఒక్కడే. పురిటికి పుట్టింటికి వచ్చిన నాంచారికి నెలలు నిండి ఉన్నాయి. తొలి కాన్పు. అందుకని ఆయుధ పూజ ఎప్పుడూ లేనంత ఘనంగా చేశాడట. జీపంతా కడిగి, కింద ఇరుసుకూ రాడ్లకూ కూడా వెండి రంగు వేసి, పసుపు మెత్తి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయల మీద ఎక్కించి, మేళం పెట్టి ఊరంతా ఒక చుట్టు తిప్పాడట. ఆ తరువాత జీపును షెడ్డులో పెట్టి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మేమిద్దరం తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే, ముసురు పట్టి ఉండగా, సాంబయ్య బాబాయి ఎవరిదో సైకిలు మీద ఆవరణలోకి వచ్చి, స్టాండు కూడా వెయ్యకుండా దాన్ని కింద పడేశాడు. "అమ్మగారూ! నాంచారికి నిన్నటి నుంచీ నొప్పులండీ. బిడ్డ అడ్డం తిరిగిందంటోంది మంత్రసాని. రక్తం పోతోందండీ. తొందరగా రండమ్మా" అంటూ కుప్పకూలిపోయాడు. డాక్టరు గారు సంచీ నాకిచ్చి జీపు దగ్గరికి పరుగెత్తారు. అలవాటు ప్రకారం ఒంగి కింద చెయ్యి పెట్టారు. వేళ్ళకు పిన్ను తగల్లేదు. రంగు, పసుపు, కుంకుమ కలిసి అట్టకట్టి ఉన్నాయి. ఆవిడ ఆగిపోయారు. "కిరసనాయిలు గుడ్డ తే" అన్నారు నాతో. ఆవిడ ఏం చెయ్యబోతున్నారో నాకు అర్థమైంది. పూజ చేసిన బండి. వారం కూడా కాలేదు. అవతల ఆ తండ్రి బిడ్డ ప్రాణం కోసం ఏడుస్తున్నాడు. ఆవిడ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని కుంకుమ బొట్లను కిరసనాయిలుతో తుడవడం మొదలుపెట్టారు.

"అమ్మా, వద్దమ్మా! నాంచారి కోసం పెట్టిన బొట్లమ్మా! అక్కడ పిల్ల పోతోందమ్మా, ఇప్పుడెందుకమ్మా ఇది!" అని సాంబయ్య బాబాయి కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ తలెత్తకుండానే "సాంబయ్యా, లోపల బీరువాలో రక్తం ఆగే సూదిమందు పెట్టె ఉంది. పట్రా పో" అని కసిరారు. అతను లోపలికి పరుగెత్తాడు. అప్పుడు ఆవిడ నా చెయ్యి లాగి కిందికి చూపించారు.

లావు రాడ్డు కొసన ఉన్న నట్టు సగానికి పైగా వదులై కిందికి దిగి ఉంది. నట్టుకు అడ్డంగా పిన్ను ఉండాల్సిన చిల్లులో పిన్ను లేదు. ఆ చిల్లులోంచి దూర్చి, చక్కగా మూడు ముళ్ళూ వేసి, ఒక పసుపు దారం కట్టి ఉంది. దానికి ఒక నిమ్మకాయ వేలాడుతోంది. రంగు శుభ్రంగా పడాలని పిన్ను తీసి, జాయింటు విప్పి తుడిచి, మళ్ళీ చేత్తో నట్టు తిప్పి, ఆ చిల్లు దారానికి ఎంతో వీలుగా ఉందని కట్టేశాడు ఆ వెర్రి తండ్రి. ఊరంతా తిరిగింది ఆ దారం మీదే. ఆ గట్టు మీదికి అలాగే వెళ్ళి ఉంటే మేం ముగ్గురం నాంచారి దాకా చేరేవాళ్ళం కాదు. కేక వెయ్యబోతే డాక్టరు గారు మసి చేత్తోనే నా నోరు మూశారు. "ఊ! మాట్లాడకు."

ఆవిడ పిన్ను కోసం చుట్టూ చూశారు. లేదు. నట్టును పానాతో బిగించి, ఒక్క క్షణం ఆలోచించి, తన ముడిలోంచి రెండు పిన్నులు లాగారు. ఒకదాని మీద ఒకటి జోడించి ఆ చిల్లులో దూర్చి, కాళ్ళు విడదీసి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టి వంచారు. "నువ్వు చూడు" అన్నారు. తడిమి చూశాను. గట్టిగా ఉన్నాయి. పసుపు దారం ఆవిడ గుప్పిట్లోకి వెళ్ళిపోయింది. సాంబయ్య బాబాయి మందు పెట్టెతో వచ్చేసరికి ఆవిడ స్టీరింగు దగ్గర కూర్చుని ఉన్నారు. ముడి జారిపోయి జుట్టంతా వీపు మీద పడింది. సర్దుకునే తీరిక ఎక్కడిది? రెండు చేతులూ స్టీరింగుకే కావాలి. వానలో, జుట్టు విరబోసుకుని గట్టు మీద జీపు నడుపుతున్న ఆడమనిషిని చూసి దారిలో వాళ్ళు గొడుగులు పట్టుకుని నిలబడిపోయారు. పల్లె చేరాక నాంచారి గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ చేతులు అడ్డం పెట్టి, "కాన్పింట్లోకి ఆ జుట్టేంటి తల్లీ! ముడేసుకో" అంది. నేను గాజుగుడ్డ చింపి ఆవిడ జుట్టు ముడేశాను. అప్పటికే చూడవలసిన వాళ్ళందరూ చూశారు.

బిడ్డ దక్కలేదు. మేం వెళ్ళేసరికే లోపల ప్రాణం లేదు. చెయ్యి పెట్టగానే ఆవిడ ముఖంలో నాకది తెలిసింది. బిడ్డను బయటికి తీశాక కూడా నాంచారికి రక్తం ఆగక, పెదవులు తెల్లబడి, నాడి అందకుండా పోతోంది. డాక్టరు గారు మధ్యాహ్నం దాకా ఆ పిల్ల పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. చివరికి నాంచారి కళ్ళు తెరిచి "నాన్నేడీ?" అంది. ఇంకాస్త ఆలస్యమైతే ఆ మాట వినేవాళ్ళం కాదు.

బయటికి వచ్చాక సాంబయ్య బాబాయి, మగబిడ్డ అని తెలిసిన దుఃఖంలో, ఊరందరి ముందూ ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "బొట్టు తుడవద్దని మొత్తుకున్నాను కదమ్మా! తల్లికి పెట్టిన బొట్టు తుడిచారు, జుట్టు విరబోసుకుని వచ్చారు. నా మనవణ్ణి మీరే పొట్టన పెట్టుకున్నారమ్మా!" జనం ఊ కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు చెప్తారు, ఆ దారం తీసి అతని మొహాన కొడతారు అనుకున్నాను. డాక్టరు గారు చేతులు జోడించి, "తప్పయిపోయింది సాంబయ్యా" అన్నారు. జీపు కింద ఆవిడ కాళ్ళు చూసినప్పుడు గానీ, ఆ పసుపు దారం చూసినప్పుడు గానీ నాకంత దిగ్భ్రమ కలగలేదు. ఎవరికీ తలవంచని మనిషి, చెయ్యని తప్పుకు చేతులు జోడించారు.

తిరిగి వస్తుంటే గట్టు మీద ఆవిడతో పోట్లాడాను. "ఎందుకు చెప్పలేదు? ఎందుకు?" అని ఏడ్చాను. ఆవిడ జీపు ఆపి, కొంగు కొసన కట్టుకున్న దారాన్ని విప్పి కాలవలో వేశారు. "కూతురి కోసం కట్టిన దారం కూతురి ప్రాణం మీదికే తెచ్చిందని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ స్టీరింగు పట్టుకోగలడా? మనవణ్ణి పోగొట్టుకున్నవాడు. ఇంకొకటి కూడా వాడి నెత్తిన ఎందుకు? నన్నంటారా, అననీ. నాలుగు రోజులు అని వాళ్ళే ఊరుకుంటారు" అన్నారు. అనడం నాలుగు రోజులతో ఆగలేదు. కొన్నాళ్ళ పాటు ఆ పల్లెల నుంచి కాన్పు కేసులు రావడమే మానేశాయి. ఆవిడ ఖాళీ మంచాల మధ్య కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండేవారు. కొన్నాళ్ళకు సాంబయ్య బాబాయి పనిలోకి తిరిగొచ్చాడు. ఆ తరువాత ఒక పొద్దున నేను ఇరుసు కింద చెయ్యి పెడితే తలపిన్నుల చోట అసలైన పిన్ను తగిలింది. డాక్టరు గారు వేశారనుకున్నాను. ఆవిడ నేను వేయించాననుకుని ఉంటారు. ఆ సంగతి ఎత్తడం ఇష్టం లేక ఇద్దరం అడగలేదు. ఆశ్చర్యంగా, ఆ నెలలోనే మళ్ళీ కాన్పులు మొదలయ్యాయి. సాంబయ్య బాబాయే పల్లెలు తిరిగి, భయపడే వాళ్ళను బతిమాలి జీపెక్కించుకుని తెచ్చేవాడు. కోపం చల్లారిందనుకున్నాను.

డాక్టరు గారు బదిలీ మీద వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు ఆవిడ పోయిన వార్త కూడా వచ్చింది. సాంబయ్య బాబాయి పోయాడని తెలిసి నాంచారిని పలకరించడానికి వెళ్ళినప్పటికి నా జుట్టు కూడా తెల్లబడింది. నాంచారికి ఆ తరువాత పుట్టిన ఇద్దరు పిల్లలూ అప్పటికి పెద్దవాళ్ళై ఉన్నారు. దేవుడి గూడు దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకోబోతే, పటాల ముందు ఒక చిన్న ఇత్తడి పళ్ళెం కనిపించింది. అందులో, మడత దగ్గర కత్తిరించి తీసిన, ఒకదానికొకటి మెలిపడిన రెండు నల్లటి తలపిన్నులు. వాటి మీద పొరలు పొరలుగా కుంకుమ. చూస్తూనే గుర్తుపట్టాను.

"ఇవేంటమ్మా?" అన్నాను.

"ఏమోనండీ. నాన్న ఏ పండక్కైనా ముందు వీటికే బొట్టు పెట్టేవాడు. ఎవరివి నాన్నా అంటే, డాక్టరమ్మ గారివే అనేవాడు. 'నీ ప్రాణం వీటి మీద నడిచొచ్చిందే పిల్లా' అనేవాడు. ఇంకేమన్నా అడిగితే ఏడ్చేవాడు. మీకేమన్నా తెలుసా అండీ?"

జీపును రోజూ తుడిచేవాడికి ఆ పిన్నులు కనపడకుండా ఎలా ఉంటాయి? అంత చిన్న సంగతి నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. చూశాడు, దారం కట్టిన చోట ఎవరి తలపిన్నులున్నాయో చూసి అంతా తెలుసుకున్నాడు. తనే కొత్త పిన్ను వేసి, నోరెత్తకుండా, ఊరు ఊరంతా తిరిగి ఆవిడకు పోయిన పేరు తిరిగి తెచ్చాడు. తనకు తెలిసిందని తెలిస్తే ఆవిడ బాధపడతారని అతను దాచాడు. తెలిస్తే అతను బతకలేడని ఆవిడ దాచారు. అన్నేళ్ళు ఒకే జీపులో పక్కపక్కన కూర్చుని తిరిగిన ఆ ఇద్దరి మధ్యా నేను కూర్చుని ఉండి, ఒక్క ముక్క పసిగట్టలేకపోయాను. నాంచారికి నేనూ చెప్పలేదు. "నాకేం తెలుసమ్మా" అన్నాను. ఇప్పుడు నాంచారి కూడా లేదు కాబట్టి రాయగలుగుతున్నాను.

నేను పురుడు పోసిన పిల్లల పిల్లలు కూడా ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. ఎవరైనా "అంతా చూశామండీ, బాగానే ఉంది" అంటే ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే ముందుకు వెళుతుంది, బొడ్డు ముడైనా, గ్యాసు పైపైనా, ఆటో చక్రమైనా. ఎక్కడ కొత్త రంగు మెరిస్తే అక్కడ ముందు తడమాలనిపిస్తుంది. ఆ రోజు నాంచారి ఇంట్లోనూ అదే చేశాను. ఆ పిన్నులకు బొట్టు పెట్టి, అలవాటు కొద్దీ వేలితో వాటి కాళ్ళు తడిమి చూశాను. ఆవిడ వంచిన వంపు వంచినట్టే ఉంది.